మా తమ్మునికి మాట్లాడుడు నేర్పినం

ఇక్కడ ఇదివరకు రాసినవన్నీ తాతల ముచ్చట్లే. కరీంనగర్ వైపు నుంచి మగ్గం సామానుతో సోలాపూర్ చేరిన ముత్తాత, కార్ఖానాలో కండెలు చుట్టిన అవ్వ, నారళీ పున్నమి నాటి మార్కండేయ రథం, రోట్లో దంచిన శెంగా చట్నీ, ఇవే. ఈసారి ఇంట్లో ఇప్పుడు నడుస్తున్న సంగతి రాస్తున్నాం. రాయమని మా తమ్ముడే అన్నాడు. "పేరు పెట్టకుంటే రాయుండ్రి అక్కా, నాలాంటోళ్లు ఇంకా ఉంటరు" అన్నాడు. అందుకే ఇందులో పేర్లు ఉండవు.

సంగతి ఇది. 31 ఏళ్ల మా తమ్మునికి ఒక ఆడపిల్ల పక్కన కూర్చుని అరగంట మాట్లాడటం ఎట్లాగో మేము నేర్పినం. మేము అంటే నలుగురం. ఇద్దరు అక్కలం, సిరిసిల్ల నుంచి ఈ ఇంటికి వచ్చిన వదినె, 19 ఏళ్ల చిన్నమ్మ బిడ్డ. నలుగురం కలిసి కూర్చుని రాస్తున్నాం కాబట్టి ఎవరు ఏ మాట అన్నారో విడదీయడం లేదు.

బయట దీన్ని డేటింగ్ అంటారు. మా ఇంట్లో అమ్మ ముందు ఆ మాట అనం. "భేటీ" అంటాం. మరాఠీలో భేట్ అంటే కలవడం, అంతే. మంత్రులు కలిసినా భేటీయే, మా తమ్ముడు ఒక అమ్మాయితో చాయ్ తాగినా భేటీయే. రెండు భాషల మధ్య బతకడంలో ఇదొక సుఖం. ఒక భాషలో నోరు రాని మాటకు ఇంకో భాషలో మర్యాద దొరుకుతుంది.

మా అవ్వకు ఇదంతా చెబితే నవ్వింది. "మాట్లాడుడు గుడ నేర్పాల్నా?" అంది. ఆమెకు నేర్పే అవసరం రాలేదు మరి. ఆమె చేసుకున్నది మేనత్త కొడుకును. పుట్టినప్పటి నుంచి చూసిన మనిషి. ఆ తరంలో మేనరికం లేని ఇల్లు మా పేటలో వెతికినా దొరికేది కాదు. 1955 హిందూ వివాహ చట్టం కూడా, ఆచారం ఉన్నచోట దగ్గరి చుట్టరికపు పెళ్లిళ్లకు వెసులుబాటు ఇచ్చింది. ఆ మేనరికంలో మంచిచెడ్డలు అట్లుంచితే, దానితోపాటు ఒక బడి ఉండేది. బావామరదళ్ల పరాచికాలు అనే బడి. బావ తాగే నీళ్ల చెంబులో ఉప్పు కలపడం, చెప్పులు దాచడం, వాడు ఒకటంటే ఈమె రెండనడం. పదేళ్ల వయసు నుంచే మగపిల్లవానికి ఆడపిల్లతో నవ్వడం, మాట పడటం, మాట అనడం అలవాటయ్యేవి. అందరి ముందు జరిగేది కాబట్టి హద్దు కూడా అక్కడే తెలిసేది. ఎక్కడ ఆపాలో మేనత్త ఒక్క చూపుతో చెప్పేది.

ఇప్పుడు దగ్గరి రక్తంలో పెళ్లి వద్దని డాక్టర్లు చెబుతున్నారు. ఇంటికి ఒకరో ఇద్దరో పిల్లలు. మేనమామ పుణెలో, మేనత్త సూరత్‌లో. మేనరికం పోయింది, పోతే పోయింది, మంచిదే. దానితోపాటు ఆ బడి కూడా మూతపడింది. దాని స్థానంలో ఇంకొకటి మనం పెట్టలేదు. పిల్లవానికి 28 వచ్చేదాకా "ఆడపిల్లల దిక్కు చూడకు" అంటాం. 28 నిండిన తెల్లారి "పోయి ఆ అమ్మాయితో మాట్లాడి రా, నచ్చిందో లేదో సాయంత్రంలోగా చెప్పు" అంటాం. ఈత రానివాణ్ణి సిద్ధేశ్వర్ చెరువులోకి తోసినట్టే కదా!

మా తమ్ముడు మగపిల్లల బడిలో చదివాడు. వాడికి 14 ఏళ్లప్పుడు నాన్న పోయాడు. అమ్మ రోజుకు వెయ్యి బిడీలు చుట్టేది. వీడు బడి వదలగానే కార్ఖానాకు పోయేవాడు. ఇప్పుడు అక్కల్‌కోట్ రోడ్డు ఎంఐడీసీలో ఒక టవళ్ల కార్ఖానాలో సాంచెల మీద జాబర్. సాంచె ఆగిపోతే చప్పుడు విని ఎక్కడ తప్పిందో చెప్పగలడు. మగ్గాల రొదలో పనిచేసేవాళ్లు ఇద్దరే ఉంటారు. గట్టిగా అరిచేవాళ్లు, సైగలతో సరిపెట్టుకునేవాళ్లు. వీడు రెండో రకం.

రెండేళ్ల కింద వధూవర మేళావాకు తీసుకుపోయారు. బళ్లారిలో, బరంపురంలో, హోసూరులో ఉండే మనవాళ్లకు ఈ మేళావా సంగతి తెలియకపోవచ్చు. పెద్ద హాలు, వేదిక, మైకు. ఒక్కొక్కరిని పిలుస్తారు. పేరు, ఇంటిపేరు, గోత్రం, ఎత్తు, చదువు, జీతం, ఎటువంటి జోడీ కావాలి, ఇవన్నీ మైకులో తామే చెప్పుకోవాలి. కింద వందల మంది పుస్తకం తెరిచి పెన్నుతో గీతలు పెట్టుకుంటూ ఉంటారు. మాట వచ్చినవాళ్లకు అది మంచి వసతే, ఒక్క రోజులో వంద సంబంధాలు చూడొచ్చు. మా తమ్ముడు మైకు పట్టుకున్నాడు, పేరు చెప్పాడు, గోత్రం దగ్గర ఆగిపోయాడు. మైకులో ఊపిరి మాత్రమే వినిపించింది. ఎవరో ముందు వరుసలో నవ్వారు. వాడు మైకు బల్ల మీద మెల్లగా పెట్టి దిగిపోయాడు. ఆ వారంలోనే పేటలో మాట పుట్టింది, "ఆ ఇంట్ల పిల్లగాడు మూగోడంట" అని. అమ్మ చెవిన పడ్డ రోజు ఆమె బిడీల చాట పక్కన పెట్టి రాత్రి దాకా మాట్లాడలేదు.

తర్వాత పుణె నుంచి ఒక సంబంధం. అమ్మాయి పుట్టి పెరిగింది హైదరాబాద్‌లో, ఉద్యోగం పుణెలో. ఇద్దరినీ ఒక హోటల్లో కలవమన్నారు. ఆమె చక్కటి తెలుగులో అడిగింది, ఖాళీ టైంలో ఏం చేస్తారు అని. వీడు చెప్పింది, "ఐతారం కంటాళా వస్తది" అని. ఆదివారం విసుగు పుడుతుంది అని వీడి భావం. కంటాళా మరాఠీ మాట అని వీడికి ఆ నిమిషం దాకా తెలియదు. మా ఇంట్లో అది తెలుగే. ఆమె "ఏం వస్తుంది?" అని నవ్వింది. చెడ్డగా నవ్వలేదట, వాడే చెప్పాడు. కానీ అంతే, ఆ తర్వాత వాడి నోట "ఆఁ", "లేదు" తప్ప మూడో మాట రాలేదు. మన భాష తక్కువది అనిపించిన క్షణం గొంతు ఎట్లా పట్టుకుపోతుందో తెలుగునాడు బయట ఉన్న మనందరికీ కొంత తెలుసు. స్కూల్లో మన మరాఠీని చూసి నవ్వారు, చుట్టాల పెళ్లిలో మన తెలుగును చూసి నవ్వారు. అందరం తట్టుకున్నాం. మా తమ్ముడు తట్టుకోలేదు, నోరు మూసుకున్నాడు.

ఆ రాత్రి వాడే మేడ మీదికి వచ్చి అడిగాడు. "అక్కా, గట్ల మాట్లాడేది నాకు వస్తదా?" అని. వాడు అడగకపోతే మేము మొదలుపెట్టేవాళ్లం కాదు. పిల్లగాడు అడగకుండా పదిమంది చుట్టూ చేరి "మాట్లాడరా, నవ్వరా" అంటే వాడు ఇంకా లోపలికి పోతాడు.

ముందు ఒక పని చేశాం. డాక్టరు దగ్గరికి పోయాం. ఇది కొందరికి నచ్చకపోవచ్చు. కానీ సిగ్గు వేరు, భయం వేరు. సిగ్గున్నవాడు పది నిమిషాలకు తేరుకుంటాడు. భయం ఉన్నవాడికి రెండు రోజుల ముందు నుంచే నిద్ర పట్టదు, చేతులు చెమట పడతాయి, గొంతు ఎండుతుంది, అయిపోయాక కూడా వారం రోజులు అదే తలుచుకుంటాడు. దానికి సోషల్ యాంగ్జైటీ అని పేరుంది, వైద్యం ఉంది. మాటలతో చేసే వైద్యంలో చిన్న భయంతో మొదలుపెట్టి పెద్ద భయం దాకా మెట్టుమెట్టుగా పోతారు. డాక్టరు వాడితో చాలాసేపు మాట్లాడి, మాత్రలు అక్కర్లేదు, మెట్లు కావాలి అన్నాడు. ఆ మెట్లే మేము ఇంట్లో కట్టినం.

మొదటి మెట్టు పార్క్ చౌక్‌లో. రోజూ ఎక్కే షేర్ ఆటోలో డ్రైవరుతో ఒక మాట. చాయ్ బండివానితో ఒక మాట. కార్ఖానాకు దారం పంపే వ్యాపారికి మెసేజ్ పెట్టకుండా ఫోన్ చేయడం. ఇవి రాసుకోవడానికి చిన్న నోటుబుక్కు. చిన్నమ్మ బిడ్డ ఇంకొకటి అంది, "బట్టల దుకాణంల, బ్యాంకుల ఆడోళ్లతోని గుడ మాట్లాడి చూడు అన్నా" అని. మిగతా ముగ్గురం వద్దన్నాం. కౌంటర్ వెనక ఉన్న ఆడపిల్ల పనిలో ఉంది, అక్కడి నుంచి లేచి పోలేదు, నవ్వక తప్పదు. ఆమె నీ ప్రాక్టీసు కాదు. ప్రాక్టీసుకు మేము ఉన్నాం కదా.

రోజూ రాత్రి భోజనాలయ్యాక మేడ మీద రెండు ప్లాస్టిక్ కుర్చీలు. ఒకదాంట్లో వాడు, ఇంకోదాంట్లో మాలో ఒకరు అమ్మాయి వేషం. మొదటి వారం నవ్వులతోనే పోయింది. వదినె కుర్చీలో కూర్చుని కొంగు సర్దుకుని "మీకు వంట వస్తుందా అండీ?" అని అడిగేసరికి వాడు మెట్లు దిగి పారిపోయాడు. రెండో వారం నుంచి కూర్చున్నాడు.

అప్పుడు తెలిసింది, వాడికి మాటలు లేక కాదు ఇబ్బంది. ఆమె ఏదైనా చెప్పగానే "ఆఁ, అచ్ఛా" అని అక్కడ గోడ కట్టేస్తాడు. తర్వాత ఏం అడగాలో వెతుక్కుంటూ లోపల కొట్టుకుంటాడు, ఆ కొట్టుకోవడంలో ఆమె చెప్పేది చెవిన పడదు. దీనికి మేము పెట్టిన పేరు "రెండో ప్రశ్న". కొత్త సంగతి వెతకొద్దు. ఆమె చెప్పిన దాంట్లోనే ఒక్క మాట పట్టుకో, దాన్ని అడుగు. "పుణెల హాస్టల్‌ల ఉంట" అంటే "అచ్ఛా" కాదు. "హాస్టల్ తిండి తినేటట్టు ఉంటదా?" ఇంతే. ఆమె తిండి గురించి చెబుతుంది, అందులో వాళ్లమ్మ పంపే పచ్చడి వస్తుంది, పచ్చడిని పట్టుకో. నేత పనిచేసే మనిషికి ఇది చెప్పడం తేలికే. పేక తెగితే కొత్త మగ్గం ఎక్కించం కదా, తెగిన కొస వెతికి ముడి వేస్తాం. ఆ మాట అన్నాక వాడికి ఎక్కింది.

ఇంకోటి, వాడి పని. "నా పని గురించి ఏం చెప్త, టవళ్లు నేస్త, అంతే" అనేవాడు. మేము అడిగాం, టవల్ మీద ఆ ఉంగరాల్లాంటి దారాలు ఎట్లా లేస్తాయి అని. నలుగురం నేతగాళ్ల ఇంటి బిడ్డలమే, ఒక్కరికీ సరిగ్గా తెలియదు. వాడు లేచి నిలబడి చెప్పాడు. మామూలు బట్టకు ఒక పడుగు, టెర్రీ టవల్‌కు రెండు. ఒకటి బిగువుగా ఉండే నేల పడుగు, ఇంకోటి వదులుగా వచ్చే పడుగు. మొదటి రెండు పేకలను బట్ట అంచు దాకా కొట్టరు, కొంచెం దూరంలో ఆపుతారు. మూడో పేక పడగానే మూడింటినీ కలిపి ఒక్కసారి ముందుకు తోస్తారు. నేల పడుగు బిగువుగా ఉంటుంది కాబట్టి కదలదు, వదులు పడుగు మాత్రం పైకి లేచి ఉంగరమవుతుంది. నీళ్లు పీల్చేది ఆ ఉంగరాలే. చేతులు రెండూ గాల్లో ఆడిస్తూ చెబుతున్నాడు, ముఖంలో చెమట లేదు, తడబాటు లేదు. మేడ మీద మాకు ఎవరికీ మాట రాలేదు.

"ఇదే చెప్పు" అన్నాం. "ఐదు నిమిషాలు చెప్పి ఆపు. ఆపి, మీ పనిల గిట్లాంటిది ఏమున్నది అని అడుగు."

బట్టల గురించి ఎక్కువ తల పట్టుకోలేదు. కొత్త చొక్కా కొనొద్దన్నాం, వాడికి అలవాటైన నీలం చొక్కా ఇస్త్రీ చేసి వేసుకోమన్నాం. కళ్లలోకి చూడటం గురించి ఫోన్లో వీడియోలు ఏవేవో లెక్కలు చెబుతాయి. మనిషి మాట్లాడేటప్పుడు చూడు, నువ్వు ఆలోచించేటప్పుడు ఎటైనా చూసుకో, చాలు. ఆ వీడియోల్లో మాకు నచ్చనిది వాటి మొదటి మాటే, అమ్మాయిని ఇంప్రెస్ చేయడం ఎలా అని. ఆమె పరీక్ష పేపరు కాదు. ఆమె కూడా రాత్రంతా నిద్రలేక వచ్చి ఉండొచ్చు, ఆమె మేడ మీద ఎవరూ కుర్చీలు వేసి నేర్పి ఉండకపోవచ్చు. మన ఇళ్లలో ఆడపిల్లలకు కూడా మాట్లాడటం నేర్పం, నవ్వి తల వంచుకోవడం మాత్రం నేర్పుతాం.

ఫోన్ పని చిన్నమ్మ బిడ్డ చూసుకుంది. పొద్దున్నే గులాబీపూల గుడ్ మార్నింగ్ బొమ్మలు బందు. ఒక మెసేజ్ పెడితే జవాబు వచ్చేదాకా రెండోది పెట్టొద్దు. నీలం టిక్కులు పడ్డాయి, జవాబు రాలేదు అంటే ఆమెకు పని ఉంది, లేదా ఇష్టం లేదు. రెండింటికీ వైద్యం ఒకటే, ఆగడం.

అన్నిటికంటే ఎక్కువ రోజులు నేర్పింది "కాదు" అనే మాట వినడం. ఇందులో మన సినిమాలకు పాపం ఉంది. హీరో వెంటపడతాడు, బస్టాండు దాకా వస్తాడు, ఆమె కోప్పడుతుంది, మూడో పాటకు నవ్వుతుంది. మా తమ్ముడు అటువంటివాడు కాదు, కానీ చూసి పెరిగింది అవే. అందుకే మేడ మీద మేము రకరకాలుగా "కాదు" అన్నాం. మర్యాదగా కాదు, విసుగ్గా కాదు, "ఇంట్లో అడిగి చెప్తా" అనే కాదు, అసలు జవాబే లేని కాదు. ప్రతిసారి వాడు ఒకటే అనాలి. "సరే, మంచిది." కారణం అడగొద్దు, ఇంకో అవకాశం అడగొద్దు. నవ్వు రాకపోతే నవ్వొద్దు. పది రోజులు అది చేశాక వాడే అన్నాడు, "అక్కా, కాదంటరు గంతే కదా, సచ్చిపోను" అని. భయంలో సగం అక్కడే పోయినట్టుంది.

అది పనికొచ్చింది కూడా. రెండో సంబంధం సిరిసిల్ల వైపుది, వదినెకు దూరపు చుట్టాలు. నాలుగుసార్లు ఫోన్లో మాట్లాడుకున్నారు, బాగానే నడిచింది. ఐదోసారి ఆ అమ్మాయి మెసేజ్ పెట్టింది, సోలాపూర్ రావడం తనకు ఇష్టం లేదని, ఇక్కడితో ఆపుదామని. వాడు "సరే, మంచిది. మీకు మంచి జరగాలె" అని రాసి ఫోన్ పక్కన పెట్టాడు. అమ్మ ఒప్పుకోలేదు. "మధ్యవర్తితోని ఒక్క మాట చెప్పిస్త, పిల్ల మెత్తబడుతది" అంది. ఇంట్లో ఆ రోజు పెద్ద గొడవే. ఒక ఆడపిల్ల నోరు తెరిచి వద్దన్నాక పెద్దలతో మెత్తబరచడం ఏంది? మేము నలుగురం ఒక దిక్కు, అమ్మ ఒక దిక్కు. చివరికి తమ్ముడే గొంతు లేపాడు. అంత గట్టిగా వాడు మాట్లాడటం ఇంట్లో ఎవరూ విని ఉండరు. "అమ్మా, ఆమె చెప్పింది. నాకు సమజైంది. ఇగ అడగకు" అన్నాడు. అమ్మ వాడి ముఖం చూసి ఊరుకుంది. రెండు రోజులు భాకరీ తినకుండా తిరిగాడు, బాధ లేదని ఎవరూ అనలేదు. కానీ కార్ఖానాకు పోవడం మానలేదు, మళ్లీ మేడ మీదికి వచ్చి కుర్చీ వేసుకున్నాడు.

మూడో అమ్మాయి వాళ్లది భివండీ. మనలాగే అక్కడి సాంచెల నీడన మూడు తరాల కింద చేరిన తెలుగువాళ్లు. అమ్మాయి పుణెలో ఒక ల్యాబులో రక్తపరీక్షలు చేస్తుంది. కిందటి నారళీ పున్నమికి రథం చూడటానికి ఇక్కడి వాళ్ల పెద్దమ్మ ఇంటికి వచ్చింది. జంధ్యాల పండుగ, రాఖీలు, రథం, అన్నీ ఆ రోజే. పూర్వ భాగ్ వీధులన్నీ జనం. ముందటి తరాల్లో ఆ రథం గుంపులోనే ఎన్ని చూపులు కలిశాయో, ఎన్ని పెళ్లిళ్లకు ఆ గుంపే మధ్యవర్తో అవ్వ చెబుతుంటుంది. మాకు మటుకు ఆ రోజు గుంపు వద్దనిపించింది. తెల్లారి కలవమన్నాం.

హోటల్ కూడా వద్దన్నాం. బల్లకు అటొకరు ఇటొకరు కూర్చుంటే మాట్లాడక తప్పదు, మౌనం బల్ల మీద పెట్టినట్టు కనిపిస్తుంది. పక్కపక్కన నడిస్తే వేరు. చూడటానికి చెట్లుంటాయి, మౌనంగా నాలుగడుగులు వేసినా తప్పనిపించదు. భుయీకోట తోటకు పొమ్మన్నాం. సిద్ధేశ్వర్ చెరువు పక్కనే, పొద్దున పూట నడిచేవాళ్లు ఉంటారు, అమ్మాయికి కూడా భయం ఉండదు. ఎంతసేపు అనేది ముందే చెప్పుకోవాలి, 40 నిమిషాలు. అయిపోగానే ఆమె వెళ్లాలంటే వెళ్లొచ్చు.

పోయేముందు వాడికి ఒక్క వాక్యం ఇచ్చాం. అది వాడు తన మాటల్లో మార్చుకున్నాడు. కలవగానే చెప్పాడట, "నేను జర నిదానంగ మాట్లాడుత. ఊకున్న అంటే కోపమొచ్చినట్టు కాదు, ఆలోచిస్తున్నట్టు." ఆమె నవ్వి, "మంచిగైంది, నేను లవ్కర్ లవ్కర్ మాట్లాడుత, మీరు జర ఆపుండ్రి" అందట. లవ్కర్! త్వరత్వరగా అనడానికి మా ఇంట్లో మేమందరం అనే మాట. వాడు అప్పుడు కంటాళా సంగతి చెప్పాడు, హోటల్లో ఏమైందో కూడా. ఆమె వాళ్లింట్లో తెలుగు అనుకున్న మరాఠీ మాటలు ఐదారు చెప్పింది. కోట గోడ దాకా అవే లెక్కపెట్టుకుంటూ నడిచారు.

టవల్ సంగతి చెప్పాడు, ఆమె చేతిరుమాలు తీసుకుని మడతపెట్టి చూపించాడు. ఐదు నిమిషాలు కాగానే ఆపాడు, చెప్పినట్టే. "మీ పనిల గిట్ల ఏమున్నది?" అని అడిగాడు. ఆమె చెప్పింది, పిల్లల చేతి నరం దొరకడం ఎంత కష్టమో. ఇక్కడ వాడు రెండో ప్రశ్న అడిగాడు. "పిల్లగాడు ఏడిస్తే ఏంజేస్తరు?" ఆ జవాబు ఏమిటో మాకు చెప్పలేదు. "అది ఆమె నాకు చెప్పింది అక్కా" అన్నాడు. 40 నిమిషాలు అన్నది గంటన్నర అయింది, ఆమే పొడిగించిందట.

అమ్మ ఆ సాయంత్రమే ముహూర్తం మాట ఎత్తింది. అమ్మాయి వాళ్లింటి నుంచి కూడా అదే. కానీ ఆ అమ్మాయి తానే చెప్పింది, ఇంకా నాలుగైదు నెలలు కలిసి చూసుకుంటాం, అప్పటిదాకా లగ్నం మాట వద్దు అని. మావాడు సరేనన్నాడు. పేటలో మళ్లీ మాటలు పుట్టాయి, "పిల్లను ఊకె తిప్పుతున్నడు" అని. మొన్న మూగోడన్నవాళ్లే. మేము వాటికి జవాబు చెప్పడం లేదు. అమ్మకు మాత్రం భయం ఉంది, రేపు ఆ అమ్మాయి కాదంటే ఎట్లా అని. కాదనొచ్చు. ఆ సంగతి వాడికి తెలుసు, మాకూ తెలుసు.

ఇప్పుడు రెండు వారాలకొకసారి ఆదివారం పొద్దున హుతాత్మా ఎక్స్‌ప్రెస్‌లో పుణె పోతాడు. నీలం చొక్కా, ఒక డబ్బాలో శెంగా చట్నీ. ఫోన్లో ఇద్దరూ తెలుగు మాటలనే మరాఠీ అక్షరాల్లో రాసుకుంటారు, తెలుగు రాయడం ఇద్దరికీ రాదు. ఈ నెల మొదట్లో చిన్నమ్మ బిడ్డ దగ్గర కూర్చుని అ ఆ లు దిద్దడం మొదలుపెట్టాడు, ఇది చదువుకోవాలట. మేడ మీద కుర్చీలు కింద పెట్టేశాం, వానకు పాడవుతున్నాయి. మొన్న పుణె నుంచి వచ్చాక "ఏం మాట్లాడుకున్నరు తమ్మీ?" అని వదినె అడిగితే, "ఏమేమో మాట్లాడినం వదినె" అని స్నానానికి పోయాడు.